సెన్సార్ నెట్‌వర్క్ రౌటింగ్ మీద ప్రాజెక్ట్ చేస్తే ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చేస్తున్నాను. వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్‌లలో (రేడియోతో మాట్లాడుకునే చిన్న సెన్సార్ పరికరాల గుంపుల్లో) నమ్మకమైన, సురక్షితమైన డేటా రౌటింగ్ మీద, అంటే డేటా ఏ దారిలో వెళ్లాలో ఎంచుకోవడం మీద ప్రాజెక్ట్ చేయమని మా గైడ్ అన్నారు. అది పాత సబ్జెక్ట్ అని, ఉద్యోగాలు రావని స్నేహితులు అంటున్నారు. కోడింగ్‌లో నేను అంతంతమాత్రమే. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోండి, కానీ అందరూ చేసినట్టు చేయకండి. మీ స్నేహితుల మాటలో కొంత నిజం ఉంది. 2000లో వచ్చిన లీచ్ అనే రౌటింగ్ ప్రొటోకాల్‌కి చిన్న మార్పు చేసి, సిమ్యులేషన్‌లో బ్యాటరీ ఇంకొంచెం ఎక్కువ కాలం వచ్చిందని గ్రాఫ్ చూపించే ప్రాజెక్టులు లెక్కలేనన్ని ఉన్నాయి. లీచ్‌లో ఏ నోడ్ (ఒక్కో సెన్సార్ పరికరం) అయినా బేస్ స్టేషన్‌ని (రీడింగులన్నీ చేరే కేంద్రాన్ని) నేరుగా అందుకోగలదని ముందే అనుకుంటారు. పెద్ద నెట్‌వర్క్‌లో అది కుదరదు. ఇంటర్వ్యూలో ఆ మాట అడిగితే అలాంటి ప్రాజెక్ట్ అక్కడే ఆగిపోతుంది.

ఈ సబ్జెక్టులో అసలు సరుకు వేరే చోట ఉంది. సెన్సార్ నోడ్ చాలా చిన్నది. పరిశోధనల్లో ఏళ్ల తరబడి వాడిన టెలాస్‌బీ బోర్డుకి ర్యామ్ 10 కిలోబైట్లే, నడిచేది రెండు ఏఏ బ్యాటరీల మీద. ఇలాంటి నోడ్‌లు వాడే రేడియో ప్రమాణం ఐఈఈఈ 802.15.4లో ఒక ఫ్రేమ్ (ఒకసారి పంపే డేటా మూట) మామూలుగా 127 బైట్లు దాటదు. అడ్రస్‌లు, డేటా, భద్రత కోసం చేర్చే బైట్లు అన్నీ అందులోనే ఇమడాలి. ఒక నోడ్ పంపిన రీడింగ్ పక్క నోడ్‌ల మీదుగా బేస్ స్టేషన్ చేరాలి. దారిలో ప్యాకెట్ పోయిందనుకోండి. సిగ్నల్ బలహీనపడి పోయిందా, శత్రువు చేతిలో పడిన నోడ్ కావాలనే పడేసిందా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీ ప్రాజెక్ట్ ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుంటే చాలు.

ఎన్‌క్రిప్షన్ పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బయటివాళ్లు ప్యాకెట్ చదవకుండా అది ఆపుతుంది, అది ఉండాల్సిందే. కానీ కాపలా లేని చోట ఉన్న నోడ్‌ని ఎవరైనా ఎత్తుకెళ్లి విప్పితే, లోపలున్న ఎన్‌క్రిప్షన్ కీ కూడా వాళ్లకే దొరకవచ్చు. ఆ నోడ్ ‘బేస్ స్టేషన్‌కి నేనే దగ్గర’ అని ప్రకటిస్తే చుట్టుపక్కల ట్రాఫిక్ దాని వైపు మళ్లుతుంది. ఇది సింక్‌హోల్ దాడి. వచ్చిన ప్యాకెట్లలో కొన్ని పంపి కొన్ని పడేస్తే సెలెక్టివ్ ఫార్వార్డింగ్. కార్లోఫ్, వాగ్నర్ అనే పరిశోధకులు 2003లో ఈ దాడులను ఒక్కో రౌటింగ్ ప్రొటోకాల్ మీద పెట్టి విశ్లేషించారు. మొదట ఆ పేపర్ చదవండి.

పనికి 2012లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌పీఎల్ అనే రౌటింగ్ ప్రొటోకాల్‌ను తీసుకోండి. దాన్ని నడిపే కాంటికీ ఎన్‌జీ (చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్), దాని కూజా సిమ్యులేటర్ ఉచితంగానే దొరుకుతాయి. ముందు దాడి లేకుండా నడిపి, ఎన్ని ప్యాకెట్లు చేరాయో, రేడియో ఎంతసేపు ఆన్‌లో ఉందో కొలవండి. తర్వాత ఒక నోడ్ తన ర్యాంకును (బేస్ స్టేషన్‌కి ఎంత దూరమో చెప్పే అంకెను) తక్కువగా ప్రకటించేలా, అందిన డేటాలో కొంత పడేసేలా కోడ్ మార్చి మళ్లీ కొలవండి. మీ పరిష్కారం ఆ తర్వాతే. అది ఎంత బ్యాటరీ తింటుందో చెప్పాలి. లింకులు బాగాలేని చోట మంచి నోడ్‌ను దొంగ నోడ్ అని ఎన్నిసార్లు పొరబడిందో కూడా తప్పక చూపించండి. మిగతా గ్రాఫులన్నిటికంటే నేను ఆ అంకెకే ఎక్కువ విలువ ఇస్తాను. వీలైతే చివర్లో నాలుగైదు నిజమైన బోర్డుల మీద నడపండి. గోడలు, మనుషులు అడ్డొచ్చినప్పుడు లింకు ఎంత మారుతుందో సిమ్యులేటర్ పూర్తిగా చూపించదు.

కోడింగ్ గురించి టెన్షన్ వద్దు, కానీ సీ భాష తప్పదు. పాయింటర్లు, స్ట్రక్చర్లు, బిట్ ఆపరేషన్ల మీద పట్టు తెచ్చుకోండి. ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాకెట్ విప్పి చదవడం నేర్చుకోండి. మిగతాది పని చేస్తూ వస్తుంది.

ఉద్యోగాల కోసం సెన్సార్ నెట్‌వర్క్ అనే పేరుతో వెతికితే పెద్దగా ఏమీ కనిపించదు. ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్, ఐఓటీ సెక్యూరిటీ, వైర్‌లెస్ ప్రొటోకాల్ టెస్టింగ్ అని వెతకండి. స్మార్ట్ మీటర్లు, ఫ్యాక్టరీల్లోని వైర్‌లెస్ పరికరాలు తయారుచేసేవాళ్లకు ఈ తలనొప్పులు రోజూ ఉండేవే.

ఒక్క విషయం మాత్రం ముందే చూసుకోండి. లాగ్‌లు ముందేసుకుని, పోయిన ప్యాకెట్ జాడ గంటల తరబడి వెతకడమే ఈ పనిలో ఎక్కువ భాగం. గైడ్‌కి మాట ఇచ్చే ముందు కూజా ఇన్‌స్టాల్ చేసి ఒక వారం ఆ పని చేసి చూడండి. విసుగనిపిస్తే మొహమాటపడకుండా వేరే టాపిక్ అడగండి.