ఐటీ సపోర్ట్ అని నమ్మి ఓటీపీ చెప్పాను... నష్టమంతా నేనే కట్టాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. కంపెనీ ఐటీ సపోర్ట్ నుంచి అంటూ ఒకతను ఫోన్ చేశాడు. నా ఎంప్లాయీ ఐడీ, మేనేజర్ పేరు కూడా చెప్పాడు. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే సురక్షిత లింకు) సమస్య సరిచేస్తానంటే నమ్మి, అతను చెప్పిన యాప్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేసుకుని, ఓటీపీ చెప్పాను. క్లయింట్ల వివరాలు బయటికి పోయాయట. నష్టమంతా నేనే కడతానని లెటర్ రాసివ్వాలట. లేకపోతే జీతం ఆపి, పోలీసు కేసు పెడతామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: ఆ లెటర్ మీద సంతకం చేయకండమ్మా. జరిగింది జరిగినట్టు రాసివ్వడం వేరు, నష్టమంతా కడతానని ఒప్పుకోవడం వేరు. మొదటిది తప్పకుండా చేయండి. ఫోన్ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి వచ్చింది, మీరు కంపెనీకి ఎప్పుడు చెప్పారు అన్నీ ఈమెయిల్‌లో పంపండి. రెండోది రేపు మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

పోలీసు కేసు గురించి అంత భయం అక్కర్లేదు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం రుజువు కావాలంటే దురుద్దేశంతోనో, మోసపూరితంగానో చేసి ఉండాలి. మోసపోవడం నేరం కాదు. నేరం చేసింది ఆ ఫోన్ చేసినవాడు. వేరొకరినని నమ్మించి కంప్యూటర్ ద్వారా మోసగిస్తే సెక్షన్ 66డీ కింద మూడేళ్ల దాకా జైలు. అందుకే మీరే ముందుగా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, పోలీస్ స్టేషన్‌లోనో ఫిర్యాదు చేసి రసీదు దాచుకోండి. మీ ఖాతాలో డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. భయపడి కాల్ లిస్టు, మెసేజ్‌లు చెరిపేయడం, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయడం వద్దు. మీ అమాయకత్వానికి సాక్ష్యాలు అవే.

ఇక జీతం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నష్టం పేరుతో ఇష్టమొచ్చినట్టు కోయడానికి వీల్లేదు. మీ అజాగ్రత్త వల్లే నేరుగా నష్టం జరిగిందని చూపాలి, ముందుగా మీ సంజాయిషీ వినాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. అసలు ఆ కోత, ఉద్యోగికి అప్పగించిన వస్తువులకో, లెక్క చెప్పాల్సిన డబ్బుకో సంబంధించినది. డేటా లీకేజీని అందులోకి లాగడం తేలిక కాదు. నష్టం జరిగితే ఇంత కట్టాలని ఆఫర్ లెటర్‌లో పెద్ద మొత్తం రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కంపెనీకి న్యాయమైన పరిహారమే దక్కుతుంది.

కంపెనీని కూడా మీరు అడగాల్సినవి ఉన్నాయి. మీ ఐడీ, మేనేజర్ పేరు అతనికెలా తెలిశాయి? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి యాప్ వేసుకోనిచ్చేలా ఎందుకు ఉంచారు? ఇలాంటి కాల్స్ గురించి ఎప్పుడైనా శిక్షణ ఇచ్చారా? ఇలాంటి ఘటనను ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి, తెలిపారా? వ్యక్తిగత డేటాను కాపాడే బాధ్యతను 2023 డేటా రక్షణ చట్టం సంస్థల మీదే పెట్టింది. ఆ నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చాక, అందులో విఫలమైతే రూ.250 కోట్ల దాకా జరిమానా సంస్థకే, ఉద్యోగికి కాదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని కంపెనీ పాలసీలో రాసి, మీతో సంతకం చేయించుకుని ఉంటే శాఖాపరమైన చర్య తీసుకునే హక్కు వారికుంది. అప్పుడు కూడా షోకాజ్ నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. నోటీసు అందాక న్యాయవాదికి చూపించి జవాబివ్వండి. ఈలోగా జీతం నిలిపేస్తే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.