గూడబాతు ముక్కు మీద చుక్కలు

ప్రశ్న: సార్, మాది ఏలూరు. ఆదివారం వస్తే చాలు బండేసుకుని కొల్లేరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళిపోతా, 70-300 జూమ్ లెన్స్ ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఎగిరే గూడబాతులన్నీ (పెలికాన్లు) మసకే, కూర్చున్న కొంగని తీస్తే ముందున్న గడ్డి షార్ప్‌గా వస్తోంది గానీ కొంగ రావట్లేదు. పైగా అన్నీ పాస్‌పోర్ట్ ఫొటోల్లా పిట్ట సరిగ్గా మధ్యలోనే. లెన్స్ మార్చాలంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ, ఆ డబ్బు దాచుకోండి. ఎక్కడ ఫోకస్ చెయ్యాలన్నది మీరు కెమెరాకి వదిలేస్తున్నట్టున్నారు, ఆటో ఏరియాలో ఉంటే అది చాలాసార్లు దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది, అందుకే గడ్డి. కూర్చున్న పిట్టకి సింగిల్ పాయింట్, అంటే ఒకే ఫోకస్ చుక్క, పెట్టుకుని దాన్ని పిట్ట కంటి మీద ఉంచండి. రెక్క చివర కాస్త మసకైనా పర్లేదు, కన్ను పోతే మాత్రం ఆ ఫొటో పోయినట్టే.

ఎగిరేవాటికి కదిలేకొద్దీ వెంటాడే కంటిన్యూయస్ ఫోకస్ కావాలి, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అని ఉంటుంది, కానన్‌లో సర్వో. ఒక్క పాయింట్ కదిలేదాని మీద నిలవదు కాబట్టి జోన్ (కొన్ని పాయింట్ల గుంపు) పెట్టండి, షట్టర్ స్పీడు సెకనులో 1/2000 వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి తగ్గట్టు ఫొటో ప్రకాశాన్ని పెంచే సెట్టింగ్) ఆటోలో వదిలెయ్యండి, నాయిస్ (ఇసక చల్లినట్టు గరుకు) కొంచెం వచ్చినా తర్వాత తగ్గించుకోవచ్చు గానీ షేక్ అయిన ఫొటోని ఎవరూ బాగుచెయ్యలేరు. నిజానికి నేర్చుకోడానికి గూడబాతుని మించిన పిట్ట లేదు, ఒళ్ళు పెద్దది, గాల్లో తాపీగా తేలుతూ వస్తుంది. దూరంగా ఉన్నప్పుడే ఫ్రేమ్‌లోకి తీసుకుని దాంతోపాటే నడుం తిప్పుతూ రండి, బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపొద్దు. నేను చూసుకునేది ఒకటుంది, మన గూడబాతుకి పైముక్కు అంచు వెంట నల్లటి చుక్కలు వరసగా ఉంటాయి కదా, ఫొటో జూమ్ చేసి అవి విడివిడిగా లెక్కపెట్టగలిగితే ఫోకస్ కుదిరిందనే.

పడవలో ఇంజన్ ఆన్‌లో ఉంటే మోచేతులు అంచుకి ఆనించకండి, ఆ అదురంతా లెన్స్‌లోకి వస్తుంది. ఎండెక్కితే నీళ్ళ మీద వేడిగాలి ఆడుతుంది, ఫోకస్ కరెక్ట్‌గానే ఉన్నా బొమ్మ మెత్తగా వస్తుంది, అందుకని పొద్దున్నే వెళ్ళండి.

ఇంక పాస్‌పోర్ట్ ఫొటో సంగతి. పిట్ట ఎటు చూస్తోందో అటు ఖాళీ వదలండి, సగం పని అయిపోతుంది. గట్టు మీద నిలబడి కిందకి తీస్తే వెనకాల అంతా బురదనీళ్ళే, అదే కూర్చుని దాని కంటి ఎత్తుకి లెన్స్ దించితే నీళ్ళు దూరంగా జరిగిపోయి పిట్ట ఒక్కటే నిలబడుతుంది. గూళ్ళ కోసం కట్టిన ఇనప స్టాండ్లు తల వెనక అడ్డంగా వస్తుంటే రెండడుగులు పక్కకి జరిగి చూడండి, చాలాసార్లు అంతే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, ఎగిరే షాట్ కోసం పడవని గూళ్ళ దగ్గరికి పోనివ్వమనొద్దు. తల్లి లేచిపోతే పిల్లలు ఎండకి మాడతాయి, కాకులు కాచుక్కూర్చునుంటాయి. ఓపిగ్గా ఉంటే చేపలకెళ్ళినవి వాటంతటవే తిరిగొస్తాయి, అప్పుడు మీకు ఎదురుగానే దిగుతాయి.