తిరుపతిలో ఆఫీసులు, క్లినిక్కుల క్లీనింగ్ పని ఎలా పట్టాలి?

నలుగురితో ఇళ్ళు శుభ్రం చేస్తున్నామని, ఆఫీసులు, క్లినిక్కులు, లాడ్జీల పని కోసం ఎవర్ని ఎలా అడగాలో తెలియట్లేదని రాశారు. నేనూ బైరాగిపట్టెడలో ఇద్దరు ఆడవాళ్ళతో ఇళ్ళ పనితోనే మొదలుపెట్టాను. ఇప్పుడు పద్నాలుగు మందిమి ఉన్నాం.

మొదట కరపత్రాలు వేయించి తిలక్ రోడ్డు, గాంధీ రోడ్డు అంతా పంచాను. ఒక్క ఫోనూ రాలేదు. తర్వాత ఒకరోజు పొద్దున్నే మా అమ్మకు పరీక్ష చేయించడానికి ఒక స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయే చీపురు పట్టుకుని ఊడుస్తోంది. పనామె చెప్పకుండా మానేసిందట. మా మనిషిని పిలిపించి అరగంటలో ఊడ్పించి, తుడిపించాను. మూడో రోజు మేనేజరే ఫోన్ చేశారు. అదే నా మొదటి కాంట్రాక్టు.

అప్పుడు అర్థమైంది. ఊడ్చే మనిషి ప్రతి ఆఫీసుకీ ఉంటుంది. మేనేజరుకు తలనొప్పంతా ఆమె రాని రోజే. అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందు రేటు మాట ఎత్తను. "6:30కి మా మనిషి రాకపోతే 7:15 లోపు ఇంకొకరు వస్తారు, రాకపోతే ఆ రోజు డబ్బు కోసుకోండి" అని కాగితం మీద రాసిస్తాను. ఈ మాట నిలబెట్టుకోవాలంటే స్పేర్ మనిషి ఉండాలి. నేను ఆరుగురికి ఒకరిని పెట్టుకున్నాను. ఆమె జీతాన్ని కూడా రేట్లో కలపాలి, లేకపోతే మీ చేతి డబ్బు పోతుంది. మే నెల గంగజాతర వారంలో సగం మంది సెలవు అడుగుతారు. ఎవరు ఏ రోజు వెళ్ళాలో పదిహేను రోజుల ముందే కూర్చుని తేల్చుకుంటాం.

లాడ్జీలతో మొదలుపెట్టొద్దు. బస్టాండు, స్టేషన్ చుట్టుపక్కల రాత్రీ పగలూ రూములు ఖాళీ అవుతూనే ఉంటాయి. తమిళ భక్తులు ఎక్కువగా వచ్చే పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే నలుగురితో తట్టుకోలేరు. డెంటల్ క్లినిక్కులు, ల్యాబులు, ఆడిటర్ ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు మీకు సరిపోతాయి. డాక్టర్ దగ్గరికి ఓపీ టైములో వెళ్ళకండి, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళండి.

క్లినిక్ అయితే ఇంకో విషయం. పసుపు, ఎరుపు సంచుల్లో వేసే ఆస్పత్రి చెత్తను మామూలు చెత్తలో కలపకూడదు. సూదులకు వేరే డబ్బా ఉంటుంది. మా వాళ్ళకు ఇది నేర్పించాం, హెపటైటిస్ బీ, టీటీ ఇంజెక్షన్లు వేయించాం. ఈ సంగతి చెప్పగానే ఒక డాక్టరుగారు బేరమాడకుండా ఒప్పుకున్నారు.

రేటు ఫోన్లో చెప్పకండి. బాత్‌రూములు చూడాలి. ఇక్కడ చాలా చోట్ల బోరు నీళ్ళు, కుళాయిల మీద తెల్లటి ఉప్పు పేరుకుపోయి ఉంటుంది. దాన్ని వదిలించే మొదటి రోజు పనికి విడిగా డబ్బు అడగండి. నేనైతే ఒకసారి నేనే మాప్ పట్టుకుని చేసి, ఎంతసేపు పట్టిందో చూసుకుని లెక్క వేస్తాను. మార్బుల్ మీద మాత్రం యాసిడ్ పడనివ్వద్దు. ఒక ఆఫీసులో మా అమ్మాయి తెలియక పోస్తే పాలిష్ అంతా పోయింది, ఖర్చు నేనే పెట్టుకున్నాను. తప్పు నాదే, ముందు నేర్పించి ఉండాల్సింది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్‌రూములో ప్రాణానికే ప్రమాదం. రెండూ ఒకే బకెట్లో పెట్టనివ్వకండి.

కాగితాల సంగతికొస్తే, పాన్ కార్డు తప్పనిసరి. ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్, ఉచితం, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు, దాటితే 18 శాతం వేయాలి. పెద్ద ఆఫీసులు బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసుకుంటాయి, ఆదాయపు పన్ను రిటర్న్ వేసి దాని లెక్క చూసుకోండి. పనివాళ్ళు పది మంది అయితే ఈఎస్ఐ (వైద్య బీమా), ఇరవై అయితే పీఎఫ్ కట్టాలి.

డబ్బు గురించి గట్టిగా ఉండండి. ఒక లాడ్జి మూడు నెలల బిల్లు ఆపేస్తే, మా వాళ్ళ జీతాలకు నా గాజులు కుదువ పెట్టాను. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ మర్చిపోలేదు. ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. అందుకే ఇప్పుడు ఒప్పందంలో తేదీ రాయించుకుంటాను, రెండో నెల బిల్లు కూడా రాకపోతే మనుషుల్ని వెనక్కి పిలిపిస్తాను.

మీరు ఏ ఏరియాలో ఉన్నారో, ముందు ఎక్కడ అడగాలనుకుంటున్నారో రాయండి. రేటు లెక్క నేను చూసి చెప్తాను.