రిపోర్టు నెగటివ్.. అయినా హెచ్‌ఐవీ భయం పోవట్లేదు!

ప్రశ్న: నా వయసు 29. ఐదు నెలల కిందట రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఒకాయన్ని లేపి పక్కన కూర్చోబెట్టాను. ఆయన రక్తం నా చేతులకు మోచేతి దాకా అంటింది. నాకు గాయాలేమీ లేవు, సబ్బుతో కడిగేసుకున్నాను. ఆ రాత్రి 'ఆయనకు హెచ్‌ఐవీ ఉంటే?' అన్న ఆలోచన పట్టుకుంది. మర్నాడు ఒక క్లినిక్‌కు వెళ్తే 'ఎందుకైనా మంచిది' అంటూ 28 రోజులకు మందులు రాశారు. అన్నీ వాడాను. ఆరు వారాలకు, మూడున్నర నెలలకు, నాలుగున్నర నెలలకు ల్యాబ్‌లో చేయించిన పరీక్షలు మూడూ నెగటివే. కానీ నాలుక తెల్లగా ఉంటోంది, మెడలో గడ్డలు చేతికి తగులుతున్నాయి. మందుల వల్ల వైరస్ పరీక్షకు దొరకకుండా దాక్కుందేమో? నిన్న లిఫ్ట్ బటన్ మీద ఎర్రటి మరక వేలికి తగిలింది. మళ్లీ మందులు మొదలుపెట్టనా? ఒక డబ్బా కొని దగ్గర పెట్టుకున్నాను.
- ఓ పాఠకుడు

జవాబు: ఆ డబ్బా మూత తీయకండి. లిఫ్ట్ బటన్ మీది మరక రక్తమే అయినా, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లదే అయినా, దాన్ని వేలితో తాకితే హెచ్‌ఐవీ రాదు. శరీరం నుంచి బయటికొచ్చి ఆరిపోయిన రక్తంలో ఈ వైరస్ త్వరగా బలం కోల్పోతుంది.

ఇక ప్రమాదం రోజు సంగతి. గాయం లేని చర్మం ఈ వైరస్‌కు గోడ లాంటిది. రక్తం ఎంత అంటినా, ఎంతసేపు ఉన్నా గోడ దాటి లోపలికి రాలేదు. ఒక పోలిక చెబుతాను. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తికి గుచ్చిన సూదే పొరపాటున నర్సు వేలిలో దిగిందనుకోండి. మందులేవీ వాడకపోయినా వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అంటే అలాంటి వెయ్యి సంఘటనల్లో మూడింట. సూది లోపలికి దిగితేనే ఇంత. మీ విషయంలో ఏదీ లోపలికి దిగలేదు. కాబట్టి మీకు ఆ మందుల అవసరం మొదటి రోజు నుంచే లేదు.

రాసిచ్చిన డాక్టర్ మీద నాకు కొంచెం కోపమే వచ్చింది. 'ఎందుకైనా మంచిది' అన్న మాటతో విటమిన్ మాత్ర రాసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. కానీ పెప్ (వైరస్ సోకే ప్రమాదం ఎదురైన వెంటనే, అది సోకకుండా 28 రోజులు వాడే మందులు; మీకు రాసింది ఇదే) కింద ఇచ్చేవి హెచ్‌ఐవీ చికిత్సలో వాడే మందులే. ఎక్కువగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపి ఇస్తారు. వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలు. కిడ్నీల మీదా ఓ కన్నేసి ఉంచాలి. అంతకన్నా పెద్ద నష్టం మనసుకు. 'ప్రమాదం లేకపోతే డాక్టర్ ఇంత మందు ఎందుకిస్తారు?' అనుకుంటాం కదా! ఇల్లు అంటుకోకుండానే నీళ్లు కుమ్మరించారు. ఇప్పుడు ఆ తడి చూసి నిప్పెక్కడో ఉందని మీరు వెతుక్కుంటున్నారు.

మందుల వల్ల వైరస్ దాక్కుందేమో అన్న అనుమానం పూర్తిగా అర్థం లేనిది కాదు. నిజంగా వైరస్ సోకిన వ్యక్తి పెప్ వాడితే, పరీక్షలో బయటపడటం కొంత ఆలస్యం కావచ్చు. అందుకే పెప్ వాడినవాళ్లకు ఆరు వారాల రిపోర్టుతో ఆపేయకుండా, సంఘటన జరిగిన 12 వారాలకు మరోసారి చేయిస్తాం. మీరు మూడున్నర నెలలకు చేయించారు. లెక్క అక్కడితో ముగిసింది. నాలుగున్నర నెలలది అదనం. నాలుగోది, ఐదోది చేయించినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నాలుక మీద పల్చటి తెల్లపూత చాలామందికి ఉంటుంది. నీళ్లు తక్కువ తాగినా, నోరు తెరిచి నిద్రపోయినా కనిపిస్తుంది. మెడ గడ్డల గురించి ఒకటి అడుగుతాను, మీలో మీరే జవాబు చెప్పుకోండి. రోజుకు ఎన్నిసార్లు నొక్కి చూసుకుంటున్నారు? నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి దవడ కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. అద్దం ముందు నిలబడి వేళ్లతో నొక్కీ నొక్కీ చేసుకున్నది అది. అతని ప్లాస్టిక్ కవర్లో తేదీల వారీగా పేర్చిన పదకొండు రిపోర్టులున్నాయి, అన్నీ నెగటివ్. పన్నెండోది రాయమని వచ్చాడు. నేను రాయలేదు. మీ గడ్డలు నిజంగా పెద్దవైతే, పెరుగుతుంటే ఒక్కసారి డాక్టర్‌కు చూపించండి. రోజూ మీ వేళ్లతో మాత్రం వద్దు.

అతనిదీ మీదీ ఒకే దారి. రిపోర్టు చేతికి రాగానే హాయిగా ఉంటుంది. రెండు మూడు రోజులకు 'ల్యాబ్‌లో శాంపిల్ మారిపోయిందేమో' అని మొదలవుతుంది. మళ్లీ టెస్టు, మళ్లీ రెండు రోజుల హాయి. ప్రతి టెస్టూ ఆ అనుమానానికి మేత వేస్తుంది. దీనికి వైద్యం ఉంది, అది హెచ్‌ఐవీ క్లినిక్‌లో కాదు, సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర. సిగ్గుపడాల్సిందేమీ లేదు. అనుమానం వచ్చినా వెంటనే చెక్ చేసుకోకుండా, ఆ టెన్షన్ దానంతటదే తగ్గేదాకా ఉండటం దశలవారీగా నేర్పిస్తారు. అవసరమైతే కొన్నాళ్లు మందులూ ఇస్తారు. ఈలోగా నాలుకకు టార్చ్ వేసి చూసుకోవడం, లక్షణాల కోసం ఫోన్‌లో వెతకడం, ఇంట్లోవాళ్లను 'నాకేం కాదు కదా' అని పదేపదే అడగడం తగ్గించండి. మానేయమనడం లేదు. ముందు ఒక గంట వాయిదా వేసి చూడండి. ఆ డబ్బాను మాత్రం మొదటి అపాయింట్‌మెంట్‌కే పట్టుకెళ్లి డాక్టర్‌కు అప్పగించేయండి.

మందులు వాడారు కాబట్టి హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో పాత కాగితాల్లో చూడండి. చేయకపోతే దాంతో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే పరీక్ష), లివర్ పరీక్షలు ఒక్కసారి చేయించండి. ఇది ప్రమాదం రోజు భయం గురించి కాదు. ఈ మందుల్లో రెండు హెపటైటిస్-బి వైరస్ మీద కూడా పనిచేస్తాయి. ఆ వైరస్ ఉన్నట్టు తెలియక మందు వాడి ఆపేస్తే లివర్ దెబ్బతినే అవకాశం ఉంది, అందుకు.

ఇది చదివే మిగతావాళ్లు పెప్ అంటేనే దండగ అనుకోవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారితో లేదా ఉందో లేదో తెలియనివారితో కండోమ్ లేకుండా కలిసినా, కండోమ్ చిరిగినా, వాడిన సూది గుచ్చుకున్నా, లైంగిక దాడి జరిగినా పెప్ అవసరమో కాదో వెంటనే తేల్చుకోవాలి. ఆ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మేలు. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.