ముందు చెవులు చూసుకో

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి, తమ్ముణ్ణి వెంటేసుకుని వ్యాన్‌లో ఊరూరా పాడుతుందట, అన్నీ నీ బుద్ధులే" అని దులిపేసింది. తిట్లు తింటున్నంతసేపూ లోపల సంబరమే. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

గిటారిస్టు దొరకలేదని బెంగ పెట్టుకున్నారట. దానికా టెన్షన్? ఇక్కడ కెనడాలో, మా విక్టోరియాలో నోమీన్స్‌నో అనే పంక్ రాక్ బ్యాండ్ మొదలైంది అలాగే కదా! 1979లో రాబ్ రైట్, ఆయన తమ్ముడు జాన్, అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంట్‌లో. అన్న బేస్, తమ్ముడు డ్రమ్స్. 1982లో మొదటి ఆల్బమ్ 'మామా' ఇద్దరే చేశారు. ఆండీ కెర్ గిటార్‌తో వచ్చింది ఆ మరుసటేడు. ఆయన వెళ్లిపోయాక మళ్లీ ఇద్దరే ఇంకో ఆల్బమ్ చేశారు. జాన్ స్కూల్లో జాజ్ వాయించినవాడు. వేగంగా, గోలగా సాగే హార్డ్‌కోర్ పంకే గానీ తాళం ఎక్కడ మెలిక తిరుగుతుందో అందేది కాదు. గెంతబోయినవాళ్లు కాలు గాల్లో పెట్టి ఆగిపోయేవాళ్లు. తమ్ముణ్ణి గుళ్లో నేర్చుకున్న మిశ్రచాపు తాళం మర్చిపోనివ్వకు.

పేరు రాదేమో అని భయపడకు. 1989లో వచ్చిన వాళ్ల 'రాంగ్' ఆల్బమ్ గురించి మా ఆఫీసులో పాతికేళ్లలో ఒకే ఒక్కడు అడిగాడు. ఆ రోజు ఇద్దరం లంచ్ మర్చిపోయాం. 2016లో వాళ్లు ఆపేశారు, మేం ఇంకా ఆపలేదు. అలాంటి పిచ్చివాళ్లు ఊరికి పదిమంది దొరికితే చాలు.

వ్యాన్ టైర్లు చూపించుకో. కోకిహాలా కొండదారిలో రాత్రిపూట వద్దు, మంచులో అసలే వద్దు. డబ్బుల లెక్క తమ్ముడికి ఇవ్వకు. నోమీన్స్‌నో అన్న ఆ బ్యాండ్ పేరు అత్యాచారాలకు వ్యతిరేకంగా పుట్టిన నినాదం, వద్దంటే వద్దనే. స్టేజి దిగాక ఎవడైనా మీద చెయ్యి వేస్తే మొహమాటపడకు, గట్టిగా అరువు.

ఇక అసలు సంగతి. 1990 చలికాలం, వాంకూవర్‌లో వాళ్ల షో. నేను స్టూడెంట్‌ని, బేస్ మోత బయటికొచ్చే ఆంప్‌కి మూరెడు దూరంలో నిలబడ్డాను. పక్కన జుట్టు నెరిసిన ఒకాయన జేబులోంచి పసుపుపచ్చ ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తీసి నా చేతిలో పెట్టాడు. నవ్వి తిరిగి ఇచ్చేశాను. వినడానికి వచ్చి చెవులు మూసుకోవడం ఏమిటని నా పొగరు. బేస్ మోగితే చొక్కా గుండీలు వణికాయి. మర్నాడు క్లాసులో లెక్చరర్ పెదాలు కదులుతున్నాయి, నాకు మాత్రం కుడి చెవిలో కీచురాయి. మూడు రోజులకి తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ వెళ్లాను, మళ్లీ అక్కడే నిలబడ్డాను. అలా ఆరేడేళ్లు. ఒకసారి ఆ కీచురాయి తగ్గలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా అరుస్తూనే ఉంది.

అమ్మమ్మ చివరి రోజుల్లో గొంతు బాగా సన్నబడింది. ఒక ఆదివారం ఫోన్ కుడిచేత్తో ఎత్తి అలాగే చెవికి పెట్టుకున్నాను. ఏదో అడిగింది. ఎప్పుడూ అడిగేదే కదా అనుకుని "ఆఁ, తిన్నానమ్మా" అన్నాను. తర్వాత మీ అమ్మ చెప్పింది, ఆవిడ అడిగింది "ఎప్పుడొస్తావురా" అని. మాట తప్పించాననుకుందట. వినబడలేదని చెప్పే వీలు మళ్లీ రాలేదు.

అందుకే మెడపట్టి చెబుతున్నాను, గరాజ్‌లో రిహార్సల్‌కి కూడా ప్లగ్స్ లేకుండా కూర్చున్నారని తెలిస్తే వచ్చి ఆంప్ వైరు పీకేస్తాను. చెవిలో మోత మొదలైతే ఆ వారం వాయించకు, డాక్టరుకి చూపించు.

రెండు జతలు పంపిస్తున్నాను. ఎర్ర డబ్బా నీది, పచ్చది తమ్ముడిది. మొదటి షోకి ఫెర్రీ టికెట్ కొనేశాను. వెనక గోడ దగ్గర ఉంటాను. అందరిముందు మావయ్యా అని పిలవాలంటే ఎడమవైపుకి వచ్చి పిలువు.

మీ మావయ్య