ఆ పార్సిల్‌కు ఇక ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకండి

పెళ్లి సంబంధాల సైటులో పరిచయమైన ‘లండన్ డాక్టరు’ మీ అక్కకు నగలు, పౌండ్లు పంపాడని, ఢిల్లీ కస్టమ్స్ పేరుతో ఫోను చేసి 35,000 కట్టించుకున్నారని, ఇప్పుడు మరో లక్షన్నర అడుగుతున్నారని రాశారు. ఇది మోసమేనండీ, సందేహం వద్దు. అసలు పార్సిలే లేదు. ఫోను చేసిన అధికారి కూడా ఆ ముఠా మనిషే. కస్టమ్స్ శాఖ సుంకాన్ని ఎవరి సొంత ఖాతాలోనో వేయమని ఫోనులో అడగదు. నోటీసు పంపి ఉంటే, దానిపై ఉండవలసిన డిన్ సంఖ్యను (నోటీసు గుర్తింపు సంఖ్య) కస్టమ్స్‌ను చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైటులో సరిచూడండి.

ఈరోజే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు గంటల్లో మారిపోతుంది. దారిలో మిగిలినదాన్ని బ్యాంకులు నిలిపివేయగలవు. లావాదేవీ సంఖ్య దగ్గర ఉంచుకోండి. మీ బ్యాంకుకూ చెప్పండి. చాట్లు చెరిపేయకండి, అన్నీ భద్రపరిచేవరకు అతణ్ని నిలదీయకండి.

అసలు కష్టం మీ అక్కను ఒప్పించడం. దయచేసి ఆమెను తిట్టకండి. అతను అబద్ధమైనా ఆమె ప్రేమ నిజం; అవమానిస్తే అతని వైపే మొగ్గుతుంది. అతని ఫొటోను గూగుల్ లెన్స్‌లో ఆమె చేతే వెతికించండి. మరొకరి పేరుతో కనబడే అవకాశం ఎక్కువ. వీడియో కాల్‌ను మాత్రం రుజువుగా తీసుకోకండి, ఇప్పుడు ముఖాలు కూడా మార్చేస్తున్నారు.

కొన్నాళ్లకు, పోయిన సొమ్ము ఇప్పిస్తామంటూ ‘లాయరు’ ఎవరైనా ఫీజు అడగవచ్చు. అదీ ఆ ముఠా పనే కావచ్చు, కట్టకండి.