సున్నపు గోడకు సిమెంటు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండ్‌లో, సఫోక్ వైపు ఓ పాత ఇటుక ఫామ్‌హౌస్‌లో అద్దెకుంటున్నారు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, రెండు కిటికీలు ఇటుకలతో మూసేసి ఉన్నాయి. పన్ను తప్పించుకోవడానికే అన్నారు ఇంటివాళ్లు. నిజమేనా? ముందు గోడలో ఇటుకల వరస కూడా మన దగ్గరలా లేదు. ఇంకోటి, వన్‌టౌన్‌లో మా మామగారి సున్నపు ఇంటికి ఇటుకల మధ్య సందులన్నీ సిమెంటుతో పూడ్చేద్దాం అంటున్నాడు మేస్త్రి. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ముందు మీ మేస్త్రిని ఆపండి, కారణం తర్వాత చెప్తా.

కిటికీల పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉంది. అలాగని మూసిన ప్రతి కిటికీనీ ఆ ఖాతాలో వేయకూడదు, ఎందుకంటే అటూ ఇటూ సమానంగా కనిపించాలని మొదట్లోనే ఉత్తుత్తి కిటికీ కట్టినవాళ్లూ ఉన్నారు. ఈసారి వెళ్తే దగ్గరగా చూడండి: మూసిన చోట ఇటుక రంగు, సైజు చుట్టూ గోడతో కలవకపోతే తర్వాత పూడ్చిందే అనుకోవచ్చు. ఇటుకల మీదా పన్ను వేశారు, 1784లో, అమెరికా యుద్ధం అప్పులు తీర్చడానికి. లెక్క వెయ్యి ఇటుకలకింత అని, దాంతో కొందరు ఇటుక సైజే పెంచేశారు! 1850లో అదీ పోయింది.

ఇక వరస. మీరు చూసింది బహుశా ఫ్లెమిష్ బాండ్, అంటే ఒకే వరసలో పొడుగు ముఖం, పొట్టి ముఖం మార్చి మార్చి వస్తాయి. లండన్‌లో 1631 నాటి క్యూ ప్యాలెస్ గోడలు అలాంటివే. ఒక వరసంతా పొడుగు, పై వరసంతా పొట్టి పెడితే అది ఇంగ్లీష్ బాండ్, మన తొమ్మిదంగుళాల గోడలకు మేస్త్రీలు కట్టేది ఎక్కువగా అదే. తమాషా ఏంటంటే అక్కడ చాలా ఇళ్లకు ఫ్లెమిష్ సోకు వీధి వైపే, వెనక గోడ మామూలుగా లాగించేస్తారు.

ఇప్పుడు మీ ఇల్లు. పాత ఇటుక మెత్తన, సున్నం ఇంకా మెత్తన, గోడలోకి దిగిన తడి ఆ సందుల్లోంచే ఆరిపోతుంది. వాటిని సిమెంటుతో బిగించేస్తే తడికి ఇటుక తప్ప దారి లేదు. అక్కడైతే ఆ నీరు చలికి గడ్డకట్టి ఉబ్బి ఇటుక ముఖాన్ని ఊడగొడుతుంది, మనకు మంచు లేదు గానీ సముద్రం గాలిలో ఉప్పుంది, అది ఇటుకలో పేరుకుని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. సందులు ఉలితో మెల్లగా గీకించి (కట్టర్ మిషన్ పెట్టనివ్వకండి, ఇటుక అంచులు ఎగిరిపోతాయి) సున్నం, ఇసుకతోనే నింపించండి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడమే అసలు టెన్షన్, దొరికేదాకా ఆ గోడ అలాగే ఉన్నా నష్టం తక్కువే.